మాస్టారి డ్రమ్ముకి నాన్న వేసిన తోలు

లాటినో సంగీతం కోర్సులో చేరేనాటికే నేను ఆ కాలేజీలో ఇద్దరి మూతులు పగలగొట్టి ఉన్నాను. ఆ ఇద్దరిలో రెండోవాడు మొదటి రోజు సరిగ్గా నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. నా గుద్దుకి ఊడిన ముందుపన్ను ఉండాల్సిన చోట వాడికి స్టీలు పన్ను ఉంది. అది బాగా కనబడేలా నవ్వి, స్పానిష్‌లో ఏదో అన్నాడు. తిట్టాడో పలకరించాడో నాకు తెలీలేదు.

అది టెక్సాస్. టీవీ పెడితే చాలు, ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్ల సంగతే చూపించే రోజులు. చామనఛాయా మీసమూ ఉన్నవాడెవడైనా అక్కడివాళ్ళకి ఇరాన్‌వాడే. కాలేజీ పార్కింగ్ లాట్‌లో ముగ్గురు నన్ను కారుకి అదిమిపెట్టి పొట్టలో తన్నారు. నేను ఇండియన్‌ని అని అరిచాను. అయితే ఏంటని ఇంకోటి తన్నారు. పక్కటెముక విరిగింది. అది అతుక్కున్నాక ఆ ముగ్గురిలో ఒకణ్ణి క్యాంటీన్ వెనక ఒంటరిగా దొరకబుచ్చుకుని మూతి పగలగొట్టాను. దాని గురించి నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. రెండోవాడి సంగతి వేరు. ఆ మెక్సికన్ కుర్రాడు నన్ను తనవాడే అనుకుని క్యాంటీన్ లైన్‌లో స్పానిష్‌లో ఏదో అడిగాడు. నేను తెల్లమొహం వేస్తే నవ్వాడు. అంతే. ఆ నెలలో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. వాడు నవ్వడం ఆపకముందే కొట్టేశాను.

డీన్ నన్నూ మా అమ్మనీ పిలిపించాడు. ఇంకొక్కసారి ఎవరి మీద చెయ్యెత్తినా, కారణం ఏదైనా, తప్పు ఎవరిదైనా, కాలేజీ నుంచి పంపించేస్తామని కాగితం రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. అమ్మ దాని కాపీ తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నాన్న నిలబడి చదివాడు.

"మంచిదే. తరిమేసిన మర్నాడే నా పక్కన నిలబెట్టి చేతికి కత్తిస్తా" అన్నాడు.

అది ఉత్త బెదిరింపు కాదు. అమ్మ నర్సు ఉద్యోగం మీద మేం అమెరికా వచ్చాం. గుంటూరు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగా చేసిన నాన్నకి ఇక్కడ మాంసం ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆదివారం ప్రార్థనకి వచ్చే తెలుగువాళ్ళకి మాత్రం ఫుడ్ కంపెనీలో సూపర్‌వైజర్‌నని చెప్పుకునేవాడు. నేనొకసారి మర్చిపోయిన లంచ్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి లోపల చూశాను. కొక్కేలకి వేలాడుతూ పశువుల సగం ముక్కలు వరసగా కదిలొస్తుంటే, మోచేతుల దాకా ఇనప తొడుగులు వేసుకున్న మనుషులు ఒకరి పక్కన ఒకరు నిలబడి కోస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నాన్న పక్కనున్న మెక్సికన్‌కి ఎడమచేతికి మూడే వేళ్ళు. డబ్బా గేటు దగ్గర పెట్టేసి బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. ఆ కాలేజీ సీటు పోతే నా బతుకు ఆ కొక్కేల కింద గడుస్తుందని ఆ రోజే నాకు తెలిసింది.

కోర్సులో చేరడానికి సంగీతం మీద ప్రేమ కారణం కాదు. ఆర్ట్స్ సబ్జెక్టు ఒకటి తీసుకోవాలన్నారు. ఇది మంగళ, గురువారాలు పొద్దున్నే ఉంది. కూర్చుని రికార్డులు వింటే సరిపోతుందనుకున్నాను. నాలాగే అనుకుని వచ్చిన తెల్లకుర్రాళ్ళు అరడజను మంది ఉన్నారు. డాన్సు నేర్పుతారేమోనని వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. మొదటి గంటలోనే మాస్టారు మా ఆశల మీద నీళ్ళు చల్లారు. ఆయన ప్యూర్టోరికో మనిషి. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు వంగవు. న్యూయార్క్‌లో ఒక పోలీసు వాటిని లాఠీతో కొట్టాడని, చెయ్యి పైకెత్తి అందరికీ చూపించి, హాజరు పిలవడం మొదలుపెట్టారు.

ఆ క్లాసులో మేం విన్న పాటల్లో సగానికి పైగా శవాలుండేవి. మెక్సికన్ కథాగేయాల్లో ఎవడో ఒకడు కాల్చబడేవాడు. ఏ ఊళ్ళో, ఏ వారం, ఎన్ని తూటాలో అన్నీ పాటలోనే ఉండేవి. డాన్సు కోసం వచ్చిన అమ్మాయి మూడో వారానికి ఏడ్చింది. కరీబియన్ దీవుల బానిసల దగ్గర యజమానులు డ్రమ్ములు లాక్కుని తగలబెట్టించారని, వాళ్ళు కొయ్యపెట్టెలు బోర్లించి వాటి మీద కొట్టారని మాస్టారు చెప్పారు. చెబుతూ కుర్చీ బోర్లించి కొట్టి చూపించారు. ఆ కుర్చీ నాకిమ్మని అడగాలనిపించింది.

వినడం కంటే వాయించడమే ఎక్కువ ఆ క్లాసులో. అన్నిటికీ ఆధారం రెండు కర్రముక్కలు. ఒకదాని మీద ఒకటి మూడు దెబ్బలు, తర్వాత రెండు, మళ్ళీ మూడు. ఆ లెక్కకి అందరూ లోబడాలి. ఒక్కడు తప్పితే క్లాసు మొత్తం మొదటికి రావాలి. మాస్టారు ఆ కర్రముక్కలు స్టీలు పన్నువాడికిచ్చి, కాంగా అనే ఎత్తైన డ్రమ్ము నా ముందు పెట్టారు. మా గొడవ ఆయనకి తెలుసని నా అనుమానం. "వీడి చేతులు వింటూ వాయించు. లేకపోతే ఇద్దరూ ఫెయిల్" అన్నారు.

నా చేతులు మిగతా అందరికంటే త్వరగా దారిలో పడ్డాయి. ఎందుకో నాకూ తెలీదు. కానీ కొట్టడం మాత్రం పగతో కొట్టేవాణ్ణి. అరచేతులు పగిలి తోలు మీద నెత్తురు మరకలు పడేవి. "అది నీకేం అన్యాయం చేసింది?" అని మాస్టారు నా మణికట్లు పట్టుకుని ఆపేవారు. మీ ఇంట్లో ఎవరు వాయిస్తారని ఒకసారి అడిగారు. ఎవరూ లేరన్నాను. మా ఇంట్లో బల్ల మీద వేళ్ళతో తాళం వేసినా చెంప పగిలేది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఎనిమిది తెలుగు కుటుంబాలు కూడి కీర్తనలు పాడుకునేవాళ్ళం. ఒకాయన ఇండియా నుంచి డోలక్ తెచ్చి వాయించబోతే నాన్న దాన్ని లాక్కుని మెట్ల మీంచి కిందికి విసిరేశాడు. దేవుడి దగ్గర ఎంత నిష్ఠ అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

మార్చి మొదట్లో ఒకరోజు సాధన మధ్యలో స్టీలు పన్నువాడు నా వైపు వంగాడు. "మీ నాన్న, మా నాన్న ఒకే లైన్‌లో పక్కపక్కన కోస్తారు. నీకు తెలుసా?" అన్నాడు. క్లాసులో అందరికీ మా నాన్న సూపర్‌వైజర్ అని చెప్పుకుని ఉన్నాను. పక్కనున్న తెల్లకుర్రాడు విని కిసుక్కుమన్నాడు. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. అప్పుడు ఫ్రిజ్ మీది కాగితం గుర్తొచ్చి, ఆ పిడికిలి డ్రమ్ము అంచుకేసి గుద్దాను. వేలి కణుపు చిట్లింది. వాడు కర్రముక్కలు ఆపలేదు. మూడు, రెండు, మూడు. నన్ను ఎగతాళి చేయడానికి చెప్పలేదని వాడి మొహం చూస్తే తెలిసేది. నేను చూడలేదు.

ఆఖరి పరీక్ష అందరూ కలిసి వాయించడమే. స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో సాధన చేసుకోమని మాస్టారు తన సొంత డ్రమ్ము నాకిచ్చారు. వాళ్ళ నాన్న చేసిందట. కాలేజీ డ్రమ్ముల్లాగా దానికి మరలు లేవు. తోలుని చుట్టూ మేకులతో బిగించారు. దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చి గరాజ్‌లో దాచాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చేలోపు ఓ గంట వాయించుకోవచ్చని నా లెక్క. మొదటి రోజే లెక్క తప్పింది. తల ఎత్తేసరికి నాన్న రబ్బరు బూట్లతో ఎదురుగా ఉన్నాడు.

"పీనుగ ముందు కొట్టే కొట్టుడు నా ఇంట్లో కొడతన్నావా?" అన్నాడు.

ఫ్యాక్టరీలో ఎవరి కత్తులు వాళ్ళే తెచ్చుకోవాలి. సంచిలోంచి కత్తి తీసి నా రెండు చేతుల మధ్యనుంచి తోలుని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చీరేశాడు. రోజూ చేసే పనేమో, చాలా శుభ్రంగా చీరాడు.

నేను నాన్నని కొట్టాను. మూతి మీదే కొట్టాను. ఆయన వెనక్కి పడి ఫ్రీజర్ మూలకి తల తగిలించుకుని కింద కూర్చుండిపోయాడు. పెదవి చీలింది. చేతిలో కత్తి ఉంది. దాన్ని నా మీదికి ఎత్తలేదు, సరికదా దూరంగా నెట్టేశాడు. నెత్తురు ఉమ్మి, "కన్నతండ్రిని కొట్టగూడదని ఆ కాగితంలో రాయలేదులే" అన్నాడు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది. అది కాలేజీ డ్రమ్ము కాదు నాన్నా, మాస్టారిది, వాళ్ళ నాన్న చేసింది అని ఏడుస్తూ చెప్పాను. నాన్న లేచొచ్చి ఆ చిరుగుల అంచులు వేలితో తడిమి చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫ్యాక్టరీ నుంచి చెత్త సంచిలో మడిచిన దూడతోలు పట్టుకొచ్చాడు. పచ్చిది. బాత్‌టబ్‌లో సున్నం నీళ్ళు కలిపి నానేశాడు. ఇల్లంతా కంపు. అమ్మ ముక్కుకి హాస్పిటల్ మాస్కు కట్టుకుని, "ఇది అమెరికానా, తోళ్ళు నానేసే లందగుంతా?" అని అరిచింది. నాన్న పట్టించుకోలేదు. నాలుగోరోజు తోలు తీసి, గరాజ్‌లో చెక్క మీద పరిచి, అదే కత్తితో వెంట్రుకలు గీకాడు. లోపలి వైపు కండ గీకి పల్చన చేశాడు. నన్ను అంచు పట్టుకుని లాగమని, నేను లాగుతుంటే మేకులు కొట్టాడు. పంతులు చేతులనుకున్న ఆ చేతులకి ఈ పని ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు. అడిగాను.

"మీ తాత డప్పు కొట్టేవోడు" అన్నాడు, మేకు మీంచి చూపు తీయకుండా. "ఊళ్ళో ఎవరు పోయినా ఆయనే. బాప్తిస్మం తీసుకున్నాక ఇంక కొట్టనన్నాడు. ఆసామి తల్లి చచ్చిపోతే పిలిపించారు. పోలా. బండి చక్రానికి కట్టేసి కొట్టారు. ఆయన డప్పు ఆయన నెత్తి మీదే పగలగొట్టారు. నడుం పోయింది. మళ్ళా లెగలా."

"నువ్వెక్కడున్నావ్ నాన్నా?"

"ఆడే ఉన్నా. పదేళ్ళోణ్ణి." ఇంకో మేకు అందుకున్నాడు. "గట్టిగా లాగు. వదులైతే పలకదు."

నేను గట్టిగా లాగాను. ఆ తోలు ఆరడానికి మూడు రోజులు పట్టింది. నాన్న దాన్ని తనకి చేతనైన పద్ధతిలోనే వేశాడు, అంటే డప్పుకి వేసినంత పల్చగా. ఎండలో బ్రహ్మాండంగా పలికింది. తేమ తగిలిందంటే తడిగుడ్డ మీద కొట్టినట్టుండేది. డప్పుని మంట దగ్గర కాచినట్టు దీన్నీ వాయించే ముందు కాచాలన్నాడు. మా ఇద్దరికీ అందులో వింతేమీ కనబడలేదు.

పరీక్ష రోజు పొద్దున్నుంచీ వాన. నాన్న సెలవు పెట్టాడు. "నీకు కాచటం రాదు, మాడుస్తావ్, నేనొస్తా" అన్నాడు. మ్యూజిక్ బిల్డింగ్ వెనక వాన పడని చోట అమ్మ ఓవెన్ ట్రే పెట్టి, అందులో పాత న్యూస్‌పేపర్లు వేసి మంట పెట్టాడు. డ్రమ్ముని పక్కకి వంచి, సెగకి తిప్పుతూ, మధ్యమధ్య వేళ్ళతో తట్టి వింటున్నాడు. శబ్దం మెల్లగా పైకి లేస్తోంది. స్టీలు పన్నువాడు కర్రముక్కలతో వచ్చి మంట దగ్గర నిలబడ్డాడు. నాన్న వాడితో స్పానిష్‌లో మాట్లాడాడు! వాళ్ళ నాన్న వేళ్ళ నొప్పి ఎలా ఉందో అడుగుతున్నాడని వాడే నాకు చెప్పాడు. నాన్నకి స్పానిష్ వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. కాచడం అయింది, నువ్వు పట్టుకో అని నాన్న డ్రమ్ము నా చేతికిచ్చాడు.

ఒక అమెరికన్ కాలేజీ గోడ పక్కన, ఆ రోజుల్లో, ఒక నల్లమీసం మనిషి కాగితాలు తగలబెడితే చూసేవాళ్ళకి ఎలా కనబడుతుందో మా బుర్రలకి తట్టలేదు. సెక్యూరిటీ గార్డు మూల తిరిగొచ్చాడు. ఏంటని అడగలేదు. ట్రేని తన్ని, నాన్నని కాలరు పట్టి లాగి, కంకర మీద బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టాడు. "ఇరాన్ కుక్కా, బిల్డింగ్ తగలబెడతావా?" అని చెయ్యి వెనక్కి విరిచాడు. నాన్న ఇంగ్లీషులో "సర్, సర్, డ్రమ్, సర్" అంటున్నాడు. ఆయన నోట్లోకి కంకరా నీళ్ళూ పోతున్నాయి. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా అంత ఎత్తు లేడు ఆ గార్డు. వాడి చెవి కింద ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు, కొట్టడం నాకు వచ్చిన పని. నా కళ్ళ ముందు ఆ కాగితం, దాని కింద నా సంతకం. కారణం ఏదైనా, తప్పు ఎవరిదైనా. ఆ కొక్కేలు. నేను డ్రమ్ముని రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాను. భయపడ్డాను. వేరే మాట వాడితే అబద్ధమవుతుంది.

స్టీలు పన్నువాడు కదిలాడు. "ఆయన మా నాన్న ఫ్రెండ్, వదులు" అని అరిచి గార్డు భుజం పట్టి లాగాడు. గార్డు లేచి లాఠీతో వాడి మొహం మీద కొట్టాడు. కనుబొమ్మ చిట్లి కంట్లోకి నెత్తురు కారింది. వాడు కర్రముక్కలు పడేసి ఒక్కటే గుద్దు గుద్దాడు. గార్డు వెల్లకిలా పడ్డాడు. ఇంకో ఇద్దరు గార్డులు పరిగెత్తుకొచ్చి వాణ్ణి గోడకేసి బాదారు, కిందపడేసి తన్నారు. మాస్టారు పైనుంచి దిగొచ్చి మధ్యలో అడ్డం పడేసరికి వాడి చేతులకి సంకెళ్ళున్నాయి. వెళ్తూ వాడు నా వైపు చూశాడు. నేను అప్పటికీ డ్రమ్ము వదల్లేదు.

డీన్ నన్ను పిలిచి అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను. గార్డు ముందు కొట్టాడని మూడుసార్లు చెప్పాను. ఆయన అదేదీ రాసుకోలేదు. "నువ్వు చెయ్యెత్తలేదు, చాలా సంతోషం" అని నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది. స్టీలు పన్నువాడిని ఆ వారమే కాలేజీ నుంచి తీసేశారు. మాస్టారు వాడి తరఫున తిరగని గది లేదు. లాభం లేకపోయింది.

తర్వాతి గురువారం పరీక్ష పెట్టారు. కర్రముక్కలు మాస్టారే వాయించారు. ఆయన వంగని వేళ్ళతో అవి వాడి చేతుల్లో పలికినంత బాగా పలకలేదు. నేను ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. అయ్యాక మాస్టారు కొత్త తోలు మీద అరచెయ్యి ఆనించి, "ఎవరు వేశారు?" అన్నారు. మా నాన్న అన్నాను. నాకు ‘A’ గ్రేడు వచ్చింది. డిగ్రీ కూడా ఆ కాలేజీలోనే పూర్తి చేశాను.

నాన్న మణికట్టు కట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది. మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన మొదటి సాయంత్రం, అన్నం తినడానికి కూర్చుని, ముద్ద కలుపుతూ చెప్పాడు.

"నీ క్లాసు కుర్రోడు మా లైన్లో చేరాడు. నెల రోజులయిందంట. నా పక్కనే నిలబెట్టారు. కత్తి సరిగ్గా పట్టుకోటం రాలా, నేనే చూపించా."

నా గురించి ఏమైనా అన్నాడా అని అడిగాను.

"పరీక్ష ఏమయిందన్నాడు. ‘A’ గ్రేడు వచ్చిందని చెప్పా. మంచిదన్నాడు."

"తిట్టలేదా?"

"లేదురా" అన్నాడు నాన్న.

తిట్టి ఉంటే బాగుండేది.